ఉఱియు మిద్దె – ఇంటియప్పు

మహాభారతములోని యక్షప్రశ్నలను మన యిండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పుచు వచ్చిరి. వానిలో సంతోషముగ నుండువా డెవ్వడను ప్రశ్న యొకటి గలదు. ధర్మరాజు చెప్పిన సమాధానములో మూడు విషయము లున్నవి. ఐదవనాడో ఆఱవనాడో యైనను తన యింట కూరాకు వండుకొని తినువాడు, ఎవ్వరికిని బాకీ లేనివాడు, పరదేశమున కేగవలసిన యగత్యము లేనివాడు సంతోషి యని యాతని యభిప్రాయము. స్వగృహము, ఋణము లేకుండుట, ప్రవాసము లేకుండుట – ఈ మూడును ఒక్కచోట చెప్పబడుటచేత, ఇవి యొకదాని నొకటి యడ్డుకొనక కలిసి యుండునవియే యని మనము తలచుచు వచ్చితిమి. కాని ఆ స్వగృహపు మిద్దె యుఱియునప్పు డేమి చేయవలెనో ధర్మరాజు చెప్పలేదు. యక్షుడును అడుగలేదు. వనవాసములో నున్నవానికి ఆ చింత లేకపోవుట సహజమే.

కడపజిల్లాలో ఎఱ్ఱగుంట్లనుండి వేంపల్లెకు పోవు త్రోవలో వీరపునాయునిపల్లె యున్నది. ఆ ప్రాంతమున పాతయిండ్లు మట్టిమిద్దెలు. రాతిగోడలు మోచేయి పొడవున కంటె మందముగ లేచును. వానిపై దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెలో బండలో పఱచి, దానిమీద మన్ను, అన్నిటికిని పైన చౌడు. వెలుతురుకొఱకు నడుమ నొక గవాక్షి. ఎండలు నలుబది డిగ్రీలు దాటు ఆ సీమలో ఇంతకంటె చల్లనియిల్లు మఱియొకటి లేదని మేము అనుభవముచేత చెప్పగలము. కాని ప్రతియేడును వానలకు ముందు చౌడు తెచ్చి పోయవలెను. చెదలు పట్టిన దంతెలు మార్చవలెను. ఆ పని తెలిసినవారు ఊరికి ఒక్కరిద్దఱు కూడ మిగులలేదు. కడపజిల్లాలో ఏడాదికి కురియునది సుమారు 700 మిల్లీమీటర్లే. అయినను కురియవలసిన దంతయు కొన్ని దినములలోనే కురిసి పోవును. ఆ దినములలో మిద్దె యుఱియును.

2021 నవంబరు వానలను ఆ జిల్లావారు మఱవలేరు. ఆ నెల 19వ తేదీన చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేటవైపు గ్రామములు కొట్టుకొనిపోయినవి. ఆ దినములలోనే కమలాపురమువద్ద పాపాఘ్నిపై నున్న వంతెన కూలినది. ఇట్టి పెద్దయాపదలు పత్రికల కెక్కును. ఒక వంటయింటిమూల జాఱి పొయ్యిమీద పడిన మన్ను ఏ పత్రికకును ఎక్కదు.

మే మెఱిగిన యొక కుటుంబము వీరపునాయునిపల్లె మండలములో నున్నది. తాత కట్టించిన మిద్దె. ముందు పంచ, నడుమ పడసాల, వెనుక వంటయిల్లు. ఆ నవంబరు వానలకు వంటయింటి దూలము పగిలి ఒకమూల మన్ను కూలినది. మూడురాత్రులు ఇంటివారు పడసాలలో తపేలాలును బకెట్లును పెట్టుకొని కూర్చుండిరి. వానలు వెలిసినపిదప ఇంటి పెద్దకొడుకు, ఎఱ్ఱగుంట్లవైపున సిమెంటు కర్మాగారములో పనిచేయువాడు, మిద్దె తీయించి స్లాబు వేయింపవలెనని నిశ్చయించెను. ఇంతవఱకు సరియే. లెక్క వేయునప్పుడు పని పెరుగ నారంభించినది. స్లాబు వేయుచున్నాము గదా, ముందుపంచ తీసివేసి వరండా యెత్తుదమనిరి. వరండా యెత్తినపిదప దానికి నున్నని గ్రానైటు లేనిచో నలుగురు నవ్వుదురనిరి. మేడమీద నొక గది, మెట్లకు స్టీలు కమ్మీలు, ముంగిట నొక కమాను. ఎదురింటివారు అంతకు ముందేడు కట్టిన కమానే దీని కంతటికిని మూలమని మాకు తోచినది. మూడులక్షలతో మొదలైన యంచనా ఎనిమిదిలక్షలకు చేరినది. అది ఎనిమిదికి చేరునప్పటికి వంటయిల్లు కాగితములో చిట్టచివరి పంక్తికి పోయి, డబ్బు మిగిలినయెడల చూతమను స్థితికి వచ్చినది.

అప్పు డాయింటి ముసలితల్లి యన్నమాట మేము చెవులార విన్నాము. "నాయనా, ముందరపక్కనైతే వచ్చేటోళ్లు పోయేటోళ్లు సూస్తారు. వానొస్తే నానేది యెనకపక్క మేము గదరా."

ఈ వ్యాసము వ్రాయుటకు ఆ మాటయే కారణము.

ఋణము మంచిదా చెడ్డదా యను విచారము మనదేశమున మిక్కిలి పాతది. దానికి సమాధానములును ఒకేరీతిగ లేవు. సుమతీశతకమునే చూడుడు. ఒక పద్యములో కవి, అప్పిచ్చువాడు లేని యూర కాపుర ముండవలదని చెప్పుచు, వానిని వైద్యునితోను ఎడతెగక పాఱు ఏటితోను చేర్చి లెక్కించినాడు. మఱియొక పద్యములో అప్పుచేసి చూపు విభవము మీద కీడు తెచ్చునని హెచ్చరించినాడు. బడిలో ఈ రెండును కంఠస్థము చేసినవారమే గాని, రెండును ఒకే శతకములో నెట్లు ఇమిడెనని యడిగినవారము కాము. మా యూహలో వీనికి వైరుధ్యము లేదు. వైద్యునిప్రక్క నిలువదగినది ఆపదలో పుట్టిన అప్పు. కీడు తెచ్చునది చూపుకొఱకు పుట్టిన అప్పు. చిక్కేమనగా, ఇంటిమరమ్మతు అను నొకేమాటలో ఈ రెండును దూరి కూర్చుండును. ఆసుపత్రియప్పు ఆపదయప్పని అందఱెఱుగుదురు. పెండ్లియప్పులో ఎంత విభవ మున్నదో చేయువానికే తెలియును. ఇంటియప్పు మాత్రము ఆపదపేరు చెప్పి బయలుదేఱి, విభవమునొద్ద బస చేయును. బస చేసినదని ఇంటివారికే తెలియదు.

ధర్మశాస్త్రకారులు ఈ భేదమును మనకంటె జాగ్రత్తగ గుర్తించిరి. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్పవలెనన్నది పాతనియమము. కాని త్రాగుడునకును జూదమునకును తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్పనక్కఱలేదని మనువు చెప్పినాడు. కుటుంబముకొఱకు చేసిన అప్పు ఇంటివా రందఱికిని అంటును. అనగా అప్పెంత యని మాత్రమే గాక, ఎందులకని కూడ శాస్త్ర మడిగినది. ఆంగ్లేయుల న్యాయస్థానములు ఈ నియమమును పట్టుకొని, కొడుకు మొదలు మునిమనుమని వఱకు బాధ్యులని తీర్పులు చెప్పుచు వచ్చినవి. 2005లో హిందూవారసత్వ చట్టమునకు జరిగిన సవరణచేత, ఆ యేడు సెప్టెంబరు 9 తరువాత పుట్టిన అప్పులకు, కేవలము పుత్రధర్మమను కారణము చూపి కొడుకుపై దావా తెచ్చుటకు వీలు లేకపోయినది. ఆ సవరణయే కూతురికి పుట్టుకతో పిత్రార్జితమున హక్కు నిచ్చినది. ఆంధ్రదేశమున పెండ్లికాని కూతుండ్రకు ఆ హక్కు 1985లోనే వచ్చి యుండెను. చట్టము మంచిదే. అయినను చట్టము విప్పిన ముడిని బ్యాంకు కాగితము మఱల వేయుచున్నది. తండ్రి యప్పునకు కొడుకును, కొడుకు యప్పునకు తల్లియు, భర్త యప్పునకు భార్యయు సహఋణగ్రహీతలుగ వ్రాలు చేయుచున్నారు. వ్రాలు చేయునప్పుడు ఎందులకని శాస్త్రమడిగిన ప్రశ్నను ఎందఱ డుగుచున్నారు? "ఇక్కడ పెట్టమ్మా" అన్నచోట పెట్టుటయే మేము చూచినది.

ఇక మేము చెప్పదలచిన దిది. మరమ్మతు మానుకొన్నవాడు అప్పు లేనివాడని తలచుట పొరపాటు. ఉఱియుచున్న వంటయింటిని పది వానకాలము లట్లే యుంచి, ఎవ్వరికిని దమ్మిడీ బాకీ లేనని చెప్పుకొను గృహస్థులు మనలో కొదువ లేరు. వారికి నిజముగ బాకీ లేదా? తడికట్టెలపొగలో వండిన భార్య, చిత్తడినేలపై జాఱి తుంటి విఱుగగొట్టుకొన్న తల్లి, చెమ్మపట్టిన గోడప్రక్క పండుకొని రాత్రియెల్ల దగ్గిన పిల్ల – వీ రిచ్చిన అప్పు మీదనే ఆ గృహస్థు బ్రదుకుచున్నాడు. దానికి పత్రము లేదు, సాక్షి లేడు, గడువు లేదు. అప్పు వానిది, వడ్డీ కట్టుచున్నవారు వీరు. స్నానపు గదియు మఱుగుదొడ్డియు లేని యిండ్లలో ఈ వడ్డీ ప్రతిదినమును తెల్లవాఱకముందే కట్టవలసి వచ్చును. అసలుకూడ పెరుగుచునే యుండును. ఒక దూలము మార్చుటతో పోవలసినది, గోడ నాని కుంగినపిదప ఇల్లంతయు తీసినగాని పోదు. అప్పు చేయక యుండుట పుణ్యమని చెప్పు పెద్దలకు, ఆ పుణ్యమునకు మూల్యము ఎవరు చెల్లించుచున్నారో చూడుడని మా విన్నపము.

కూడబెట్టి కట్టుకొనుడు, అప్పేల యని యడుగువారి మాటలో సత్యము లేకపోలేదు. వెల్ల, పలకలు, తలుపులు, ముంగిలి – వేచియుండగలవానికి వేచియుండవలెను. ఒక యేడు వంటయిల్లు, మఱుసటి యేడు పడసాల యని యంచెలంచెలుగ చేసుకొన్న యిండ్లను మే మెఱుగుదుము. అవియేమియు సిగ్గుపడవలసినవి కావు. చీటీలు వేసి పాడుకొన్నవారు నున్నారు. 1982 నాటి చట్టమునకు లోబడి నమోదైన చీటీయైనచో అదియు నొక మంచిమార్గమే. కాని కప్పు వేచియుండదు. కూడబెట్టు నేండ్లలో కురియు వానను ఎవ్వరును వాయిదా వేయలేరు. కాబట్టి కప్పునకును, గోడకును, నీటికిని, మఱుగునకును అప్పు చేయుట ధర్మమనియే మా మతము. ఇస్లాముమతస్థులకు వడ్డీ నిషిద్ధము. ఆపదలో వడ్డీలేని బదులిచ్చుట వారిలో పుణ్యకార్యము. అట్టి బదులు ఎల్లరికిని దొరకు కాల మెప్పుడు వచ్చునో గాని, అంతవఱకు వడ్డీమాట చూడక తప్పదు.

మనువు వసిష్ఠునిమతముగ పేర్కొన్న వడ్డీ నెలకు ఎనుబదియవ వంతు. అనగా నూటికి రూపాయిపావలా, ఏటికి పదునైదు. కౌటిల్యుడును అంతయే న్యాయమన్నాడు. ఆ మనువే మఱియొకచోట కులమునుబట్టి రెండు, మూడు, నాలుగు, ఐదు అని యెక్కించి, అందఱికంటె క్రిందివానిచేత అందఱికంటె నెక్కువ కట్టించినాడు. దీనిని చదివి మనము సిగ్గుపడవలసినదే. ఇప్పుడు కులమునుబట్టి వడ్డీ యని ఎవ్వరును వ్రాయరు. కాగితమునుబట్టి వడ్డీ యున్నది. పల్లెలలో నిండ్లు గ్రామకంఠములో నుండును. తాతతండ్రులనాటినుండి కాపురమున్నను దస్తావేజు ఉండదు. ఇల్లు తమదేయని యూరంతయు చెప్పును, బ్యాంకునకు చూపుటకు కాగితము లేదు. ఇట్టి యిండ్లను విమానయంత్రములతో కొలిచి హక్కుపత్రము లిచ్చుటకు కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. కాగితము చేతికి వచ్చినవానికి బ్యాంకు గుమ్మము తెఱచును. రానివాడు నూటికి రెండురూపాయల వడ్డీకి చేయి చాచవలెను.

ఈ రెంటికిని గల దూరము లెక్కలో చూచినగాని తెలియదు. ఉదాహరణమునకు ఐదులక్షలు. నూటికి రెండన్నచో నెలకు పదివేలు వడ్డీయే యగును. పదియేండ్లు తప్పక కట్టినవాడు పండ్రెండులక్షలు చెల్లించి, ఐదులక్షల అసలుకు ఇంకను బాకీ యుండును. అదే సొమ్ము ఏటికి నూటికి తొమ్మిదిచొప్పున పదియేండ్ల గడువునకు బ్యాంకులో తెచ్చినవాడు నెలకు సుమారు 6,334 రూపాయలు కట్టి, మొత్తము ఏడులక్షల అఱువదివేలతో విముక్తు డగును. కాని యిచ్చటనొక మాయ గలదు. గడువు పదునైదేండ్లు చేసినయెడల నెలకు 5,071 రూపాయలే యగును. పండ్రెండువందలకు పైగ తగ్గినదని సంతోషించువారు, మొత్తముమీద వడ్డీ లక్షన్నరకు మించి పెరిగినదని చూడరు. 2019 అక్టోబరునుండి వాణిజ్యబ్యాంకులు మాఱెడు వడ్డీతో నిచ్చు గృహఋణములను బయటి కొలతకు ముడివేయవలసి వచ్చినది. పెక్కుబ్యాంకులు రిజర్వుబ్యాంకు రెపోరేటును కొలతగ గైకొన్నవి. 2020 మే నెలలో నూటికి నాలుగుగ నున్న ఆ రేటు 2023 ఫిబ్రవరికి ఆఱున్నర యైనది. నడుమ అప్పు తెచ్చినవారిలో ననేకులకు నెలసొమ్ము మాఱలేదు, గడువు పెరిగినది. తాము కట్టుచున్నదే కట్టుచు, తీరవలసిన యేడు వెనుకకు జరిగిపోయినదని తెలిసినవారు తక్కువ. ఇట్లు గడువు పెంచునప్పుడు ఋణగ్రహీతకు తెలిపి, యాతని యిష్టము నడుగవలెనని రిజర్వుబ్యాంకు 2023 ఆగస్టులో ఆజ్ఞాపించినది. మాఱెడు వడ్డీ గల గృహఋణమును ముందుగ తీర్చివేయు గృహస్థునిపై అపరాధరుసుము విధింపరాదన్న నియమము 2012 నుండియే యున్నది. పంటడబ్బు వచ్చినయేడు కొంత యధికముగ కట్టవలె ననుకొనువారు ఈ నియమము నెఱిగియుండుట మేలు.

వడ్డీవ్యాపారిని తిట్టుట మన పత్రికలకు పాతయలవాటు. ఆతని నిజమైనస్థానము కూడ చెప్పవలెను. 1951–52లో రిజర్వుబ్యాంకు జరిపించి 1954లో ప్రకటించిన గ్రామీణ ఋణపరిశీలనలో, రైతులు చేసిన అప్పులలో నూటికి సుమారు డెబ్బది వంతులు వడ్డీవ్యాపారులవే యని తేలినది. సహకారసంఘములు ఇచ్చినది నూటికి మూడు. చెన్నరాజధానిలో 1938నాటి చట్టము, అసలుకు రెట్టింపు కట్టినవానిని విముక్తునిగ చేసినది. కాని మఱునాడు విత్తనములకు వాడు మఱల నెవరినొద్దకు పోవలెనో ఆ చట్టము చెప్పలేదు. 1976లో కడప కేంద్రముగ రాయలసీమ గ్రామీణబ్యాంకు ఏర్పడినప్పటినుండి త్రోవ కొంత మాఱినది. ఆ బ్యాంకు 2006లో ఆంధ్రప్రగతి గ్రామీణబ్యాంకులో కలిసి, 2025లో రాష్ట్రమంతటికిని ఒకటే యైన గ్రామీణబ్యాంకులో లీనమైనది. స్త్రీల పొదుపుసంఘములు వచ్చినపిదప, 2004లో పావలావడ్డీ యను మాట పల్లెపల్లెకును తెలిసినది. ఆ సంఘముల అప్పుతో పశువులు కొన్నవారును కలరు, మిద్దెపై ఱేకులు వేయించుకొన్నవారును కలరు. ఱేకులకొఱకని తెచ్చినసొమ్ము మగవాని చేతిలోబడి మఱియొకదారి పట్టిన కథలును కలవు. అవి యిప్పుడు వద్దు.

అప్పునకు ఇల్లే తాకట్టు అగునప్పుడు మఱియొక భయము గలదు. 1908నాటి సివిలు విచారణస్మృతి, రైతు, కూలి, ఇంటిపనివాడు తాముండు నింటిని సాధారణమైన డిక్రీక్రింద జప్తు చేయరాదన్నది. ఇది గొప్ప నియమము. యూదుల ద్వితీయోపదేశకాండములోను ఇట్టి మర్యాద యొకటి గలదు: అప్పిచ్చినవాడు కుదువవస్తువుకొఱకు బాకీదారుని యింటిలో అడుగిడరాదు, బయట నిలిచి, ఆతడు తెచ్చి యిచ్చినది పుచ్చుకొనవలెను. గడప కెంతగౌరవము! కాని గడపయే కుదువ యైనప్పుడు ఆ మర్యాద యెక్కడ నిలుచును? 2002నాటి సర్ఫేసీ చట్టముచేత, బాకీ నిలిచిపోయిన యింటిని అఱువది దినముల నోటీసుతో, న్యాయస్థానమున దావా లేకయే బ్యాంకు స్వాధీనము చేసికొనవచ్చును. కావున కమానుకొఱకు ఇల్లు తాకట్టు పెట్టువాడు, కమానునే గాక వంటయింటిని కూడ పందెములో నొడ్డుచున్నాడు.

అప్పు చేయుడని ప్రోత్సహించువారి మేలు వేఱు, మన మేలు వేఱు. అమెరికాలో 1934లో చేసిన జాతీయ గృహచట్టము, ఇండ్ల మరమ్మతులకు బ్యాంకులిచ్చు అప్పులకు ప్రభుత్వపు పూచీ నిచ్చినది. ఇండ్లు బాగుపడవలెనన్నది ఒక యుద్దేశము. ఆర్థికమాంద్యములో పనిలేక యున్న వడ్రంగులకును తాపీవారికిని పని కల్పించుట అంతకంటె పెద్దయుద్దేశము. తప్పు లేదు. కాని తరువాతికాలమున అదేదేశములో ఇంటిని డబ్బుసంచిగ తలచి, దానిపై మఱలమఱల అప్పు తీసినవారు 2007–08 సంవత్సరములలో ఇండ్లధరలు పడిపోగా లక్షలకొలది ఇండ్లు పోగొట్టుకొనిరి. మరమ్మతునకు అప్పు దొరకుట సులభ మగుకొలది మరమ్మతు నిజమా యని విచారించుట కష్ట మగుచు వచ్చును.

మన యిండ్లలో విచారణ మొదలు కావలసినచోటు బంగారము. ఇంటిపని నడుమ నాగిపోయినప్పుడు మొదట కుదువకు పోవునవి ఇల్లాలి గాజులు. పుట్టింటివా రిచ్చిన సొమ్ము ఆమెదే యనియు, భర్త దానిని తనయొద్ద నుంచుకొన్నను ధర్మకర్తవంటివాడే యనియు సుప్రీముకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పినది. తీర్పు వచ్చి నాలుగు దశాబ్దములైనను, "ఇంటికేగదా పెట్టితిమి" అన్నమాటతో గాజులకథ ముగియుచున్నది. ఇంటికే పెట్టిరి, నిజము. ఆ యిల్లు ఎవరిపేర నున్నది? ఆ సొమ్ముతో వెలసినది ఆమె వండు గదియా, ఆయన మిత్రులు కూర్చుండు వరండాయా? విడిపించువఱకు నెలనెలయు కట్టువా రెవరు? ఈ ప్రశ్నలు భార్య యడిగినచో గయ్యాళి యందురు; అందుచేత మేము అడుగుచున్నాము.

గాజులకంటె కనబడని కుదువ యింకొకటి గలదు. వాయిదాలు మొదలైన యేడు ఏదో యొకచోట ఖర్చు తగ్గింపవలెను. అది కూతురి కళాశాలచదువుపై తగ్గిన కుటుంబములు మాకు తెలియును. బ్యాంకు పుస్తకములో సహఋణగ్రహీతగ ఆ పిల్లపేరు లేదు. వాయిదామాత్రము తానే కట్టుచున్నది. అట్లే ముసలివారి మందులు. అట్లే కువైటుప్రయాణము. కడపజిల్లానుండి ఎన్ని కుటుంబముల మగవారును ఆడువారును కువైటునకు పోయి, డ్రైవర్లుగను ఇంటిపనివారుగను ఏండ్లు గడుపుచున్నారో ఆ జిల్లాలో తెలియనివారు లేరు. వారు పంపిన సొమ్ముతో లేచిన మేడలు చూచితిమి. తాళము వేసి, ప్రక్కింటివారికి తాళపుచెవి యిచ్చిపోయిన మేడలును చూచితిమి. యక్షునికి ధర్మరాజు చెప్పిన మూడింటిలో మొదటిదానికొఱకు రెండవదానిని, రెండవదానినుండి విడివడుటకు మూడవదానిని వీరు వదలుకొనిరి. వీరిని నిందించుటకు మాకు నోరాడదు. ఉఱియని యింటిలో తల్లిని పండుకొనబెట్టుటకు ఎడారిలో బండి నడుపువాడు ఎంతమాత్రమును అల్పుడు కాడు. ఎదురింటి కమానుకంటె రెండడుగు లెత్తైన కమానుకొఱకు పోయినవానినిగూర్చియే మాకు దుఃఖము. అట్టివారును తిరిగివచ్చి, చేసినది తప్పని మాతో నన్నవారు గలరు.

కాబట్టి అప్పు పత్రముపై వ్రాలు పడుటకు ముందు, ఆ యప్పు తీర్చువా రందఱును ఒకచోట కూర్చుండవలెనని మా కోరిక. తీర్చువారన నెలసొమ్ము కట్టువాడు మాత్రమే కాదు. గాజులిచ్చునది, చదువు మానునది, మందు తగ్గించుకొనునది, పరదేశము పోవువాడు – అందఱును. ఇంటిలో ఎక్కడ వాన పడుచున్నదో వారిలో ఎక్కువ తడియువారిని మొదట అడుగవలెను. ఇది మగవాని యధికారమునకు లోపమని తలచు పాఠకులు మాకు కొంద ఱున్నారు. వారు ఒక్క వానరాత్రి వంటయింటిలో గడిపి, తరువాత జాబు వ్రాయ ప్రార్థన.

ఆ కుటుంబమునుగూర్చి చెప్పి ముగింతుము. తల్లిమాట విన్నపిదప కొడుకు రెండుదినములు మాటలాడలేదు. మూడవనాడు మేస్త్రీని పిలిపించి, వంటయింటికిని పడసాలకును స్లాబు, వెనుక స్నానపు గది, మఱుగుదొడ్డి – ఇంతకు ఎంతయగునో చెప్పుమన్నాడు. కూలిన రాళ్లలోనివే మంచివి ఏరి గోడ యెత్తించిరి. నేలకు దగ్గఱలో దొరకు నాపబండలు పఱపించిరి. అవి గ్రానైటువలె మెఱయవు గాని, వానకాలమున జాఱవు. పాతదూలములలో చెదలు తినని రెండింటిని కోయించి వంటయింటికి తలుపులు చేయించిరి. పంచమీద పాతమిద్దెయే మిగిలినది. ఇప్పటికిని ఏటేట చౌడు పోయుచున్నారు. బ్యాంకు అప్పు మూడులక్షలతో ఆగినది. గాజులు పెట్టెలోనే యున్నవి. పత్రములో రెండవవ్రాలు కోడలిది. గడు వెన్ని యేండ్లని ఆమె మేనేజరును తానే యడిగినదట.

పోయిన వానకాలములో మే మాదారిని పోవుచు ఒకపూట అక్కడ దిగితిమి. జల్లు పడుచుండెను. ముసలితల్లి వంటయింటిలో పీటమీద కూర్చుండి చింతాకు దూయుచుండెను. ముందుగోడకు ఇంకను పూత లేదు. కమాను సంగతి యడిగినచో కొడుకు నవ్వి, కాఫీ తెమ్మని లోపలికి కేక వేసెను.